టూరిస్టుల మీద వేసే రుసుము స్థానికులకే దక్కాలంటే: బార్సిలోనా, ఎడిన్‌బరా పద్ధతులు విశాఖకు పనికొస్తాయా?

బీచ్‌రోడ్_నడక:

అందరికీ నమస్కారం. విశాఖలో మా కాలనీ సంఘం తరఫున కార్పొరేషన్‌కి ఒక వినతిపత్రం రాస్తున్నాం. శని, ఆదివారాలు, కార్తీకమాసం పిక్నిక్‌లు, డిసెంబరు చివరి వారం వచ్చాయంటే ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా చెత్త, పార్కింగు, మరుగుదొడ్లు, ట్రాఫిక్ అన్నీ స్థానికుల నెత్తిన పడతాయి. గది అద్దె హోటల్‌కి పోతుంది, దాని మీద జీఎస్టీ ప్రభుత్వాలకు పోతుంది. ఊడ్చే పని మాత్రం కార్పొరేషన్‌ది, ఆ ఖర్చు ఆస్తిపన్ను కట్టేవాళ్లది.

విదేశీ నగరాల్లో టూరిస్టు పన్ను వేసి ఆ డబ్బు ఊరికి ఖర్చు పెడతారని వింటుంటాం. ఎవరు వసూలు చేస్తారు, ఏ ఖాతాలో పడుతుంది, స్థానికులకు ఎంత దక్కుతుంది, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్ల సంగతేంటి, మన చట్టంలో కార్పొరేషన్‌కి ఈ అధికారం ఉందా? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పగలరు. 2023లో రుషికొండ బీచ్‌కి 20 రూపాయల టికెట్ అన్న మాట రాగానే ఎంత గొడవయిందో గుర్తుంది కాబట్టి, అలాంటి తొందరపాటు సలహాలు వద్దండీ.

పద్దుల_పుల్లయ్య:

బార్సిలోనాతో మొదలుపెడతాను. అక్కడ పన్ను రెండు అంతస్తుల్లో ఉంటుంది. కింది అంతస్తు కాటలోనియా (స్పెయిన్‌లో బార్సిలోనా ఉన్న ప్రాంతం) ప్రభుత్వానిది, 2012 నవంబరులో మొదలైంది. పై అంతస్తు నగరపాలక సంస్థ వేసుకునే సర్‌చార్జి, 2021లో వచ్చింది. రెండూ కలిపి హోటల్ వాడే మనిషికి, రాత్రికి ఇంత అని వసూలు చేస్తాడు. 16 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు లేదు. ఒక బసకు ఏడు రాత్రులకు మించి వేయరు.

2024 అక్టోబరు నాటి రేట్లు ఇవి. ఐదు నక్షత్రాల హోటల్లో 3.50 యూరోలు ప్రాంతానికి, 4 యూరోలు నగరానికి, మొత్తం 7.50. నాలుగు నక్షత్రాల్లో 1.70కి 4 కలిపి 5.70. టూరిస్టు ఫ్లాటులో 6.25. క్రూజ్ ఓడలో వచ్చి 12 గంటల లోపే వెళ్లిపోయే ప్రయాణికుడికి 7, అంతకంటే ఎక్కువసేపు ఆగితే 6. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తక్కువసేపు ఉండేవాడి మీదే ఎక్కువ వేశారు. వాడు గది తీసుకోడు, భోజనం ఓడలోనే చేస్తాడు, కానీ అవే వీధుల్లో నడుస్తాడు, అవే చెత్తబుట్టలు నింపుతాడు.

నగర సర్‌చార్జి ఒక్కసారిగా 4 యూరోలు కాలేదు. 2021లో 0.75, తర్వాత ఏడాది 1.75, 2023లో 2.75, 2024 ఏప్రిల్‌లో 3.25, అదే ఏడాది అక్టోబరులో 4. మెట్టు మెట్టుగా పెంచుతామని ముందే చెప్పడం వల్ల హోటళ్లు, టూర్ కంపెనీలు వచ్చే సీజన్ ప్యాకేజీ ధరల్లో దాన్ని కలుపుకోగలిగాయి. ఇప్పటికే అమ్మేసిన గదుల మీద కొత్త రుసుము పడితే మాత్రం కౌంటర్ దగ్గర తిట్లు తినేది రిసెప్షన్‌లో కూర్చున్న కుర్రాడే.

ఖాతా సంగతి. హోటల్ యజమాని వసూలుదారు మాత్రమే, ఆరు నెలలకోసారి కాటలోనియా పన్నుల సంస్థకు రిటర్ను వేసి కడతాడు. కింది అంతస్తు డబ్బు పర్యాటక ప్రోత్సాహక నిధిలో పడి, ఆ రేట్ల నాటికి అందులో సగం స్థానిక సంస్థలకు వెళ్లేది. సర్‌చార్జి మొత్తం నగరానిదే. అంటే ఐదు నక్షత్రాల అతిథి కట్టిన 7.50లో నగరం వాటా 4 యూరోలు, పైన 3.50లో సగం 1.75, వెరసి 5.75. అన్నీ కలిపి నగరానికి ఏడాదికి సుమారు 10 కోట్ల యూరోల స్థాయిలో వచ్చేది.

ప్రచారానికి వేరే ఏర్పాటుంది. నగరపాలక సంస్థ, వాణిజ్య మండలి కలిసి 1993లో పెట్టుకున్న ‘తురిస్మ దె బార్సిలోనా’ అనే ఉమ్మడి సంస్థ టూరిస్టు బస్సు టికెట్లు, సిటీ కార్డులు అమ్మి తన ఖర్చులో పెద్ద భాగం తానే సంపాదించుకుంటుంది. ఈ ముక్కను మీ వినతిపత్రంలో తప్పకుండా పెట్టండి. చాలాచోట్ల టూరిస్టు రుసుము హోర్డింగులకు, ఉత్సవాలకు, రోడ్‌షోలకు పోతుంది. అంటే, జనం ఎక్కువయ్యారని వసూలు చేసిన డబ్బుతో ఇంకా జనాన్ని పిలుస్తారు. నిధి కమిటీలో హోటళ్లవాళ్లే ఎక్కువమంది ఉంటే ఇది జరిగి తీరుతుంది.

స్థానికులకు కళ్లకు కట్టినట్టు కనిపించిన ఖర్చు బడులది. టూరిస్టు పన్ను డబ్బు 10 కోట్ల యూరోలతో 170 ప్రభుత్వ బడుల్లో ఎండ తట్టుకునే ఏసీ వ్యవస్థలు (హీట్ పంపులు), పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టే పథకం తెచ్చారు. టూరిజంకీ బడికీ ఏం సంబంధమని అడగొచ్చు. వేసవిలో జనసమ్మర్దం వల్ల ఇబ్బంది పడేది ఆ పేటల్లో ఉండే కుటుంబాలే కాబట్టి పరిహారం కూడా వాళ్లకే అన్నది అక్కడి వాదన.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పన్ను వేస్తే జనం తగ్గుతారనుకుంటే అది భ్రమ. విమానం టికెట్ కొని వచ్చినవాణ్ణి 4 యూరోలు ఆపవు. జనాన్ని అదుపు చేసింది వేరే పనిముట్లు. 2017లో బస ప్రణాళిక తెచ్చి నగరాన్ని మండలాలుగా విడదీశారు, నడిబొడ్డున కొత్త హోటళ్లకు అనుమతి లేదు, ఒకటి మూతపడినా దాని బదులు ఇంకోటి రాదు. 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని 2024 జూన్‌లో మేయర్ ప్రకటించారు. దానికి ఆధారమైన ప్రాంతీయ చట్టం 2025 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానంలోనూ నిలబడింది. కొండ మీదున్న పార్క్ గ్వెల్‌లో 2013 నుంచి టికెట్ ఉంది, కానీ చుట్టుపక్కల ఉండేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే ఉచితం. ఆ కొండ మీదికి వెళ్లే 116 నంబరు చిన్న బస్సులో టూరిస్టులు నిండిపోయి ముసలివాళ్లకు చోటు దొరకడం లేదని, 2024లో ఆ రూటును గూగుల్ మ్యాప్స్ నుంచే తీయించారు! పైసా ఖర్చు లేని పరిష్కారం.

ఫోర్త్_వంతెన:

పుల్లయ్య గారు చెప్పింది మనిషికి ఇంత అనే పద్ధతి. స్కాట్లాండ్ దారి వేరు, గది ధరలో శాతం. అక్కడ 2024లో చట్టం వచ్చింది, 2025 జనవరి 24న ఎడిన్‌బరా కౌన్సిల్ ఆమోదించింది. 2026 జులై 24 నుంచి ఉండే బసలకు వర్తింపు. ఆమోదానికీ అమలుకీ మధ్య సరిగ్గా ఏడాదిన్నర ఎందుకంటారా? చట్టమే 18 నెలల గడువు పెట్టింది. 2025 అక్టోబరు 1కి ముందు డబ్బు కట్టి బుక్ చేసుకున్నవాళ్లకు పడదు.

రేటు 5 శాతం, వరుసగా ఐదు రాత్రుల వరకే. లెక్క ఇలా ఉంటుంది. గది 100 పౌండ్లు (వ్యాట్ కాకుండా) అనుకోండి. లెవీ, అంటే ఈ బస పన్ను, 5. వ్యాట్ 20 శాతం 100 మీద కాదు, 105 మీద పడుతుంది, అంటే 21. అతిథి కట్టేది 126. అతిథికి 5 పౌండ్ల లెవీ నిజానికి 6 పౌండ్లుగా తగులుతుంది. ‘పన్ను మీద పన్ను’ అని చిన్న గెస్ట్‌హౌస్‌లవాళ్లు మొత్తుకున్నది దీని గురించే. పైగా అప్పటిదాకా వ్యాట్ పరిమితికి కాస్త కిందుగా వ్యాపారం చేసుకుంటున్నవాళ్ల టర్నోవర్‌లోకి ఈ లెవీ కూడా చేరి, వ్యాట్ రిజిస్ట్రేషన్‌లోకి నెట్టే ప్రమాదం ఉంది. మీ ముసాయిదా రాసేటప్పుడు జీఎస్టీవైపు ఇదే గొయ్యి ఉందేమో చూసుకోండి.

వసూలు చేసే యజమాని తన లెక్కల ఖర్చు కింద 2 శాతం ఉంచుకోవచ్చు. మూడు నెలలకోసారి రిటర్ను. నగరవాసి తన ఊళ్లోనే హోటల్లో దిగినా మినహాయింపు లేదు. విడ్డూరంగా అనిపించినా, చిరునామా తనిఖీ భారం హోటల్ మీద పెడితే అబద్ధాలు, తగాదాలు తప్ప వచ్చేది లేదు.

పంపకం ముందే రాసిపెట్టారు, నాకు బాగా నచ్చింది ఇదే. వచ్చిన దాంట్లోంచి ముందుగా పరిపాలన ఖర్చు, ఇళ్ల కోసం ఏటా 50 లక్షల పౌండ్లు, ఏ పనులు చేయాలో పేటల జనమే ఓటేసి ఎంచుకునేందుకు 20 లక్షల పౌండ్లు పక్కన పెడతారు. మిగిలిన దాంట్లో 55 శాతం నగర నిర్వహణ, మౌలిక వసతులకు, 35 శాతం సంస్కృతి, వారసత్వం, ఉత్సవాలకు, 10 శాతం సందర్శకుల నిర్వహణకు. రానురాను ఏటా 5 కోట్ల పౌండ్ల దాకా రావొచ్చని కౌన్సిల్ అంచనా. హోటల్ వర్గాలు, స్థానిక సంఘాలు రెండూ కూర్చునే ఫోరం పెట్టాలని కూడా చట్టంలోనే ఉంది.

బీచ్‌రోడ్_నడక:

ఇద్దరికీ ధన్యవాదాలు. బార్సిలోనా బడుల ఉదాహరణ మా సంఘంలో అందరికీ నచ్చేసింది, వార్డులోని బడుల మరమ్మతు కూడా ఇందులో కలుపుదామంటున్నారు. శాతమా, గదికింత అనా, ఏది మంచిది?

పాత_గెజిట్:

అక్కడే ఆగండి బాబూ. బడుల మాట ఇప్పుడే వద్దు. ఎందుకో చెబుతాను.

మన రాజ్యాంగంలో 265వ అధికరణం ప్రకారం చట్టం లేకుండా పన్ను లేదు. 243ఎక్స్ ప్రకారం మున్సిపాలిటీ వేసే ఏ పన్నుకైనా రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా అధికారం ఇవ్వాలి. రాష్ట్రానికి ఉంటేనే కదా ఇచ్చేది. 2016 నాటి 101వ సవరణకు ముందు రాష్ట్ర జాబితాలో 62వ అంశం కింద విలాసాల మీద పన్ను వేసే అధికారం ఉండేది, హోటల్ గదుల లగ్జరీ టాక్స్ దాని కిందే. జీఎస్టీ వచ్చాక ఆ అంశాన్ని కుదించి, పంచాయతీలు, మున్సిపాలిటీలు విధించి వసూలు చేసే వినోదపు పన్ను మాత్రం మిగిల్చారు. కాబట్టి గది అద్దెలో ఇంత శాతం అని కార్పొరేషన్ అడిగితే కోర్టులో మొదటి వాయిదాలోనే ‘ఇది జీఎస్టీలో కలిసిపోయిన పన్ను, కొత్త పేరుతో వచ్చింది’ అంటారు. ఎడిన్‌బరా పద్ధతి మనకు కుదరదు.

మిగిలింది ఫీజు, అంటే రుసుము. ఫీజుకీ పన్నుకీ తేడా 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫీజు అంటే అందిన సేవకు ప్రతిఫలం. తర్వాత ఆ పట్టు కొంత సడలింది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ యార్డుల రుసుము కేసులోనే, రూపాయికి రూపాయి సేవ లెక్క చూపనక్కర్లేదు, స్థూలంగా సంబంధం ఉంటే చాలు అన్నారు. అయినా సంబంధం ఉండాలి. బీచ్ మరుగుదొడ్లు, చెత్త తరలింపు, లైఫ్‌గార్డులు, పార్కింగు, తాగునీరు, దీపాలు: ఇవి నిలబడతాయి. బడి ఏసీ నిలబడదు. బార్సిలోనాది పన్ను కాబట్టి బడికి ఇవ్వగలిగారు. మీది ఫీజు అవుతుంది కాబట్టి ఇవ్వలేరు. బడి మరమ్మతు కావాలంటే ఇంకో దారి: బీచ్ శుభ్రతకు సాధారణ నిధి నుంచి ఇప్పుడు పోతున్న డబ్బును ఫీజు భర్తీ చేస్తే, అలా మిగిలిన సొమ్మును బడులకు మళ్లించమని తీర్మానం అడగండి.

కానీ ఆ మాట అడిగేటప్పుడు దాని అవతలి అంచు కూడా తెలిసి ఉండాలి. రుసుము రాగానే మామూలు పారిశుధ్య పద్దును అంతే మేర కోసేసి, ఆ సొమ్ము ఎటు పోయిందో తెలియకుండా పోవడం చాలా మామూలు. బీచ్ అంతే మురికిగా ఉంటుంది, రుసుము మాత్రం అదనం. అందుకని ‘గత మూడేళ్ల సగటు ఖర్చుకు తగ్గకూడదు, తగ్గితే మిగిలింది ఫలానా పద్దుకే’ అన్న షరతు ఉపనిబంధనల్లోనే రాయించండి.

రేటు సంగతి. గదికి, రాత్రికి ఇంత అని స్థిరంగా పెట్టండి. ఊహా లెక్క ఒకటి: పదివేల గదులు, 60 శాతం నిండితే రోజుకు 6,000, ఏడాదికి 21.9 లక్షల గది-రాత్రులు. గదికి 30 రూపాయలైతే 6.57 కోట్లు. అసలు గదుల సంఖ్య మీరు కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సుల జాబితా నుంచి తీయాలి.

ఫోర్త్ వంతెన గారు అనుమానించిన గొయ్యి మన దగ్గరా ఉంది. సీజీఎస్టీ చట్టం 15(2)(ఎ) ప్రకారం ఇతర చట్టాల కింద వేసిన పన్నులు, రుసుములను హోటల్ విడిగా బిల్లు చేస్తే అవి కూడా సరఫరా విలువలో కలుస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి 5 శాతం, ఆపైన 18 శాతం. గది 7,480, రుసుము 30 అనుకోండి. విలువ 7,510 అయిందని అధికారి పట్టుబడితే 374 రూపాయల జీఎస్టీ కాస్తా 1,351.80 అవుతుంది. ముప్పై రూపాయల రుసుము వెయ్యి రూపాయల తగాదా తెస్తుందన్నమాట. అందుకని రుసుము చెల్లించాల్సింది అతిథి, హోటల్ వసూలుకు ఏజెంటు మాత్రమే అని స్పష్టంగా రాసి, ఆ పదాలు జీఎస్టీ 33వ రూలుకు (ఏజెంటుగా వేరేవాళ్ల తరఫున కట్టిన సొమ్మును సరఫరా విలువలో కలపనక్కర్లేదనే రూలు) సరిపోతాయో లేదో జీఎస్టీ తెలిసినవాళ్లకు ముందే చూపించండి. సిక్కింలో 2025లో రూల్స్ తెచ్చి మనిషికి 50 రూపాయలు హోటళ్ల ద్వారా తీసుకుంటున్నారు, ఆ రూల్స్ ప్రతి సంపాదిస్తే ముసాయిదాకు పనికొస్తుంది.

ఇక ఖాతా. దీని మీద ఎంత రాసినా తక్కువే. రాష్ట్ర పర్యాటక శాఖ వసూలు చేస్తే డబ్బు 266వ అధికరణం కింద రాష్ట్ర సంచిత నిధిలో పడుతుంది, మళ్లీ బడ్జెట్ కేటాయింపు వస్తే తప్ప వార్డు దాకా రాదు. కార్పొరేషన్ వసూలు చేస్తే మున్సిపల్ నిధిలో పడుతుంది, అక్కడ విడి ఖాతా తెరవొచ్చు. వేరే ఊరి నమూనా ఎందుకు, మనకు జిల్లా ఖనిజ నిధి ఉంది కదా. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన ట్రస్టు అది. గని తవ్వేవాడు రాయల్టీతో పాటు కట్టిన వాటా జిల్లా ట్రస్టులోనే ఉంటుంది, ప్రభావిత గ్రామాలకే ఖర్చు, అందులో పెద్ద భాగం తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికే అని నిబంధన. నిధి వచ్చాక ఎమ్మెల్యేలు అడిగిన రోడ్లకీ భవనాలకీ మళ్లిందన్న ఫిర్యాదులూ ఉన్నాయి, కాబట్టి ‘ప్రభావిత ప్రాంతం’ అంటే ఏ వార్డులో పేర్లతో సహా రాయించండి.

కిటికీ_సీటు:

అందరూ హోటల్ గది చుట్టూనే తిరుగుతున్నారు. విశాఖ బీచ్‌లో శనివారం సాయంత్రం కనిపించే జనంలో గది తీసుకున్నవాళ్లు ఎంతమంది? అనకాపల్లి, విజయనగరం నుంచి బండి మీద వచ్చి పొద్దుగూకాక వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. గది రుసుము వాళ్లను తాకదు.

వెనిస్ సరిగ్గా వీళ్ల కోసమే రుసుము పెట్టింది. 2024లో ఏప్రిల్ 25 నుంచి ఎంచుకున్న 29 రోజులు, పొద్దున 8:30 నుంచి సాయంత్రం 4 దాకా ఊళ్లోకి వస్తే 5 యూరోలు, క్యూఆర్ కోడ్ చూపించాలి. రాత్రి బస చేసేవాళ్లు ఎలాగూ బస పన్ను కడతారు కాబట్టి మినహాయింపు, కానీ వాళ్లూ నమోదు చేసుకోవాలి. మొదటి ఏడాది వసూలు సుమారు 24 లక్షల యూరోలు. తనిఖీ సిబ్బంది, వెబ్‌సైటు, ప్రచారం ఖర్చులు తీస్తే మిగిలిందేమిటన్న విమర్శ వచ్చింది, జనమూ పెద్దగా తగ్గలేదు. 2025లో రోజులు 54కి పెంచి, ఆఖరి నిమిషంలో బుక్ చేసుకుంటే 10 యూరోలు అన్నారు. వెనిస్ ద్వీపం, రావడానికి దారులు లెక్కపెట్టొచ్చు. విశాఖ బీచ్ రోడ్డుకి ఎన్ని సందులున్నాయో మీకే తెలుసు. అక్కడ గేటు పెట్టడమంటే వసూలు కంటే కాపలా జీతాలు ఎక్కువ. పైగా సముద్రం ఒడ్డుకు టికెట్ అంటే ముందు మత్స్యకారుల పల్లెలు అడ్డుకుంటాయి, అడ్డుకోవడం న్యాయం కూడా.

మహారాష్ట్రలో మాథేరాన్ మున్సిపాలిటీ దస్తూరి నాకా దగ్గర మనిషికి రుసుము తీసుకుంటుంది, అది బాగానే నడుస్తోంది. కారణం: కార్లు అక్కడితో ఆగిపోవాలి, లోపలికి రానివ్వరు. రోడ్డున వచ్చేవాళ్లందరికీ ఒకటే ద్వారం.

విశాఖకు ద్వారం లాంటిది ఒక్కటే ఉంది, పార్కింగు. రుసుము మనిషి మీద కాదు, బండి ఆపిన చోటు మీద వేయండి. ఫాస్టాగ్‌తో చదివే పార్కింగులైతే చిల్లర గొడవ, రసీదు లేని వసూలు రెండూ తగ్గుతాయి. వారపు రోజుల్లో తక్కువ, శని, ఆదివారాల సాయంత్రం నాలుగింటి నుంచి ఎక్కువ. ఆర్టీసీ బస్సులో వచ్చినవాడికి ఏమీ లేదు. ఆ పరిధిలోని ఇళ్లకు ఆస్తిపన్ను అసెస్‌మెంట్ నంబరు మీద ఇంటికో పాసు ఇవ్వండి, అద్దెకుండేవాళ్లకు కరెంటు బిల్లు చాలు. కాంట్రాక్టరుకు ఏడాదికింత అని గుత్తకు ఇవ్వడం మాత్రం వద్దు. గుత్త ఇస్తే వాడు కట్టిన దానికి రెట్టింపు లాగుతాడు, కార్పొరేషన్‌కి ఎన్ని బండ్లు వచ్చాయో లెక్క కూడా దక్కదు. సిబ్బందికి నెలకింత జీతం, వసూలు నేరుగా విడి ఖాతాకు.

ఇంకోటి. రుషికొండకు 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపు 2025 మొదట్లో కొన్నాళ్లు పోయింది. వీధికుక్కలు, చెత్త, పనిచేయని సీసీ కెమెరాలు, ఇవే కారణాలు. కట్టడాలకు డబ్బు దొరుకుతుంది, రోజువారీ నిర్వహణకే దొరకదు. కాబట్టి మీ నిధి నుంచి కొత్త భవనాలు, శిలాఫలకాలు నిషేధం అని రాయండి. మరుగుదొడ్డి కడగడానికి రోజుకు ఎన్ని విడతలు, ఒక్కో విడతకు ఎంతమంది, ట్యాంకర్ ఎన్ని లీటర్లు అన్నది అనుబంధంలో పెట్టండి.

పాత_గెజిట్:

పార్కింగు సంగతి సరిగ్గా చెప్పారు. చట్టపరంగా కూడా అదే తేలిక, చోటిచ్చినందుకు ప్రతిఫలం కాబట్టి ఫీజా, పన్నా అన్న వాదనే రాదు. హోటళ్ల విషయంలోనూ గది రుసుము కంటే ముందు, పెద్దమొత్తంలో చెత్త వేసేవాళ్లపై వాడుక రుసుము సరిగా వసూలవుతోందా అని సమాచార హక్కు కింద అడగండి: హోటల్‌వారీగా వేసింది ఎంత, వచ్చింది ఎంత, మూడేళ్లవి. కొత్త చట్టం అక్కర్లేకుండానే కొంత డబ్బు అక్కడ తేలవచ్చు. ఆ జవాబు వచ్చాకే వినతిపత్రం ఇవ్వండి. ఇప్పటికే ఉన్న రుసుమే వసూలు కాలేదని కాగితం మీద తేలితే, కొత్తది ఎందుకని హోటళ్ల సంఘం అడిగే ప్రశ్నకు మీ దగ్గర ముందే జవాబు ఉండాలి.

బీచ్‌రోడ్_నడక:

బడుల పేరా తీసేశాం. పార్కింగు, ఇంటి పాసు, మూడేళ్ల సగటు షరతు, వార్డుల పేర్లు పెట్టాం. సమాచార హక్కు దరఖాస్తు సోమవారం వేస్తున్నాం. గది రుసుము పేరా ప్రస్తుతానికి పక్కన పెట్టాం, పుల్లయ్య గారూ, ఏమీ అనుకోకండి.

పద్దుల_పుల్లయ్య:

అనుకోవడానికేముందండీ. బార్సిలోనా కూడా సొంత సర్‌చార్జి దాకా రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇంటి పాసు దగ్గర ఒక్క జాగ్రత్త: ఒక అసెస్‌మెంట్ నంబరు కింద నాలుగంతస్తుల అపార్టుమెంటు ఉంటే ఒకటే పాసు వస్తుంది. ఫ్లాటువారీగా అని రాయండి, లేకపోతే మొదటి వారంలోనే మీ సంఘంలోనే తగాదా.